తలుపులో కంబళి

నాయనా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. యుద్ధం ముగిసింది కదా, మన ప్లీడరుగారు కొత్త కారు కొన్నారు. విడిభాగాలు ఇంగ్లీషువాళ్ల సీమ నుంచి ఓడలో వస్తే మద్రాసులో బిగించారట. నువ్వు ఇరవై ఏళ్లు తోలిన పాత కారు సీమలోనే బిగించి పంపినది, దాని తలుపులు ఎన్నడూ చప్పుడు చేయలేదు. ఇప్పుడు రెండూ నేనే తోలుతున్నాను.

మొన్న పుత్తూరు పోతుంటే కొత్త కారు తలుపులు దారి పొడుగునా గడగడలాడాయి.

"సీమ బిగింపే బిగింపని మీ నాయన చెప్పినట్టే ఉండాది. మనోళ్ల చేతుల్లో బిగువు లేదురా. దీన్ని తిరిగి పంపించేస్తా," అన్నారు ప్లీడరుగారు.

నాకు కష్టమనిపించింది. ఆ బిగించినవాళ్లు కూడా నాలాంటివాళ్లే కదా.

సీమవాళ్లు ఎలా బిగించారో చూద్దామని ఈ ఉదయం పాత కారు తలుపు లోపలి అట్ట విప్పాను. ఎర్రంచు కంబళి ముక్కలు మడిచి కుట్టి, రేకుకూ చట్రానికీ మధ్య దోపి ఉన్నాయి. ఒక ముక్క ఇంటికి తెచ్చి అమ్మకు చూపించాను.

"ఇది నా కంబళి రా. ఎలుకలు కొట్టేసినాయని గదా మీ నాయన చెప్పినాడు," అంది.

ఆ కుట్లను వేలితో తడిమింది. తర్వాత లోపలికి పోయి, తను కప్పుకునే కంబళి తెచ్చి, "దీన్ని కోసుకో," అంది.

ఆ ముక్కలు దోపిన కొత్త కారులో సాయంత్రం తిరిగొచ్చి, ప్లీడరుగారు తలుపు రెండుమూడు సార్లు వేసి చూశారు. గడగడ లేదు.

"మద్రాసోళ్లు కూడా బాగానే బిగించినారే," అన్నారు.

కంబళి సంగతి నేనూ నీలాగే చెప్పలేదు.