మరిగిన ఇంజనులో చన్నీళ్ళు

తార్నాక,
9-5-1968.

పూజ్యులైన నాన్నగారికి ప్రభుదాసు నమస్కరించి వ్రాయునది.

ప్రభువు కృపవల్ల ఇక్కడ అందరం క్షేమమని రాయమంటూ అమ్మ పక్కన కూచుని చెబుతోంది. కృప సంగతి అమ్మకి తెలుసు. క్షేమం అని మాత్రం నేను అబద్ధం రాయలేను. అమ్మ సరిగా అన్నం తినడం లేదు. మీరు గుడివాడ పోయి రాహేలు అత్తయ్య ఇంట్లో దాక్కున్నారని చర్చిలో చెవులు కొరుక్కుంటున్నారు. దాక్కున్నారనే మాటకి మీకు కోపం వస్తే రానివ్వండి. కోపం వస్తే మీరు ఉత్తరమైనా రాస్తారు.

ముందు మంచి కబురు. మీరు తోలిన ట్రాక్టరు మళ్ళీ నడిచింది.

మీరు వెళ్ళిన దగ్గర్నుంచి అది యూనివర్సిటీలో కొత్త హాస్టలు వెనక, రాళ్ళగుట్ట పక్కన ఎండలో పడి ఉంది. మరిగిన ఇంజనులో చన్నీళ్ళు పోసి దాని పోత ఇనుప బ్లాకు పగలగొట్టావని కంట్రాక్టరు కొండలరావు కూలీలందరి ఎదుటా మిమ్మల్ని తిట్టాడు. ముసలాడివయ్యావు, బుర్ర చెడింది పొమ్మన్నాడు. మీరు తల వంచుకుని నిలబడ్డారు. నేను అక్కడే ఉన్నాను. సిగ్గుతో చచ్చాను. దోపిడీదారుకు జడిసేవాడు దోపిడీలో భాగస్తుడని నేను చదివే కరపత్రాల్లో ఉంటుంది. ఆ మాట మీ మొహం మీదే అన్నాను. మీరు ట్రంకుపెట్టెకి తాడు కట్టుకుంటూ, ఆ కొస కాస్త గట్టిగా పట్టుకోరా అన్నారు. అంతే.

మీరు ఊరుకున్నా నేను ఊరుకోలేదు. మర్నాడే కొండలరావు మీదికి వెళ్ళాను. ఆయన టీ తెప్పించాడు. తాగలేదు. బ్లాకు బాగు చేసి బండి నడిపించి చూపిస్తే మీ నాన్నని మళ్ళీ పనిలోకి తీసుకుంటానన్నాడు. పాలమూరు కూలీల గుడిసెల మాట కూడా అక్కడే తేల్చుకున్నాను. హాస్టలు కట్టింది వాళ్ళు, రాళ్ళు కొట్టింది వాళ్ళు, ఇప్పుడు ప్రహరీగోడకి అడ్డమని వాళ్ళ గుడిసెలకే గొలుసు కట్టి ట్రాక్టరుతో లాగిస్తారా అని కేకలేశాను. నేను రాసి పంచిన కరపత్రం ఆయన బల్ల మీదే ఉంది. చదివానోయ్, పేదల ఉసురు నాకెందుకు, గోడ వంకర తిప్పి కట్టిస్తాలే అన్నాడు. అన్నట్టే ఇన్నాళ్ళూ గుడిసెల జోలికి ఎవరూ రాలేదు. కాగితం ముక్కకి ఎంత బలముందో చూడండి నాన్నా. మీరు దాన్ని పొయ్యిలోకి పనికొస్తుందన్నారు.

పగులు సిలిండర్ల పక్కన, నీళ్ళు తిరిగే గోడ మీద పడింది. మెట్టుగూడ క్వార్టర్స్ నుంచి యాకోబు మామయ్య వచ్చి చూశాడు. రైల్వేలో ఫిట్టరు కదా, చేతి డ్రిల్లు ఆయనదే ఇచ్చాడు. అతుకు పెట్టాలంటే బ్లాకంతా కాల్చాలి, పైగా కొలిమి లేదు, చల్లారేటప్పుడు ఇంకోచోట చీలినా చీలుతుంది, కాబట్టి మరలతో కుట్టమన్నాడు. కిరసనాయిలు పూసి తుడిచి సుద్దపొడి చల్లితే పగులు తడిగీతలా బయటపడింది. రెండు కొసల్లోనూ ముందు బెజ్జం వెయ్యాలట, లేకపోతే పగులు ఇంకా నడుస్తుందట. తర్వాత ఒక బెజ్జం, దానికి మర, అందులో రాగి బోల్టు బిగించి తల కొయ్యడం, దాన్ని సగం కొరుకుతూ పక్కన మరో బెజ్జం. నేను తొందరపడి మర కోసే ట్యాపు ఒకటి లోపలే విరగ్గొట్టాను. పోత ఇనుముకి నీ ఉపన్యాసాలు ఎక్కవురా అల్లుడూ అన్నాడు మామయ్య. కొస నుంచి కొస దాకా కుట్టి, సుత్తితో మెల్లగా కొట్టి, నీళ్ళు నింపి కూచున్నాం. చుక్క రాలేదు. నా చేతులు బొబ్బలెక్కాయి. మీ పరువు నిలబెట్టాననుకున్నాను.

ఒక్కటి మాత్రం నన్ను తొలుస్తోంది. పాత పగులేనని, మీ తప్పు లేదని నిరూపిద్దామనుకున్నాను. పాతదైతే లోపల తుప్పు ఉండాలి కదా. లేదు. బెజ్జాలు వేసేటప్పుడు చూశాను, వెండిలా మెరిసింది. అంటే నిజంగానే చన్నీళ్ళు పోశారన్నమాట. ఇంజను మరిగితే నీడకి పోయి కూచో, అది తనంతట చల్లారేదాకా మూత ముట్టుకోకు అని చిన్నప్పుడు నా వీపు మీద ఒకటిచ్చి నేర్పింది మీరే. అటువంటి మీరు ఎలా పోశారు? మతి తప్పిందా? కొండలరావు అన్నది నిజమేనా? ఒక్క ముక్క రాయండి. అమ్మ కూడా అదే అడుగుతోంది.

రేపు బండి తీసుకుపోతారు. మీరు వెంటనే బయల్దేరి రండి. అత్తయ్యకి నమస్కారాలు.

ఇట్లు, మీ మీద కోపంగానే ఉన్న మీ కుమారుడు,
ప్రభుదాసు.

తా.క.: ఉత్తరం నిన్న పోస్టులో వెయ్యలేదు. ఇవాళ పొద్దున్న కొత్త డ్రైవరు బండిని తిన్నగా గుడిసెల దగ్గరికే తోలాడు. వెనకాల పోలీసులు. అడ్డం పడుకున్నాను, ఈడ్చి అవతల పడేశారు. భూదేవి, ఆ మొదటి గుడిసె ఆవిడ, నన్ను చూసి ఉమ్మేస్తుందనుకున్నాను. దగ్గరికొచ్చి కూచుంది. మీరు బండి కావాలనే మరిగించారట. ఆవిడ మంచినీళ్ళ కుండ, రంజన్ లోంచే బిందెడు నీళ్ళు అడిగి తీసుకున్నారట. ఆవిడ అన్న మాట అన్నట్టే రాస్తున్నాను: "గిది ఆగితే వానలొచ్చేదాంక మిమ్మల్ని ఎవ్వడు కదిలియ్యడు భూదేవమ్మా అన్నడు మీ నాయిన. ఎవ్వరికి చెప్పకు, మా పోరనికి అసలే చెప్పకు, మీటింగుల చెప్తడు అన్నడు."

బండి ఎక్కడా ఆగలేదు నాన్నా. ఆఖరి గుడిసె దాకా లాగింది. నేను కుట్టిన చోట చుక్క కారలేదు. కొండలరావు నా వీపు తట్టి, మీ నాన్నని సోమవారం నుంచి పనిలోకి రమ్మను అన్నాడు.

ఏం చెప్పమంటారు?