అటక మీది కందుల డబ్బా

తండా, గూడూరు మండలం,
మహబూబాబాద్ జిల్లా,
12 ఆగస్టు 2025.

చెల్లి జమునకు,

అక్క కమ్లీ ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం, నువ్వూ క్షేమమేనని తలుస్తాను. మర్యాద ఇక్కడికి సరి. మన లంబాడీ మాటకు లిపి లేదు కాబట్టి తెలుగులో రాస్తున్నాను. తిట్లు మాత్రం మన మాటలోనే చదువుకో.

నిన్న ఫోన్ చేసి ఏమడిగావు? బాపు ఎట్లా ఉన్నాడని కాదు, వానలు పడ్డాయా అని కాదు. "అక్కా, ఆ డబ్బ ఎవరన్న తెరిచిన్రా?" అని. అంగన్‌వాడీలో పిల్లలకు గుడ్లు పెడుతూ విన్నాను. నీ లెక్కంతా విని, ఒళ్లు మండి ఫోన్ పెట్టేశాను.

ఉగాదికి వచ్చి మన కందులను రెండు పాళ్లు చేసింది నువ్వే. ఒక పాలు నువ్వు తయారుచేసిన పెట్టెలో పోసి, భూమి చుట్టూ తిరిగే ప్రయోగశాలలో పెడతారన్నావు. పనయ్యాక అది కిందికి దిగి, కొత్త ప్రయోగాలతో మళ్లీ పైకి పోతుందన్నావు. రెండో పాలు పోల్చి చూడడానికని డబ్బాలో పోసి మన అటకెక్కించి, ఎవరూ ముట్టొద్దని బాపుతో కూడా ఒట్టు వేయించుకున్నావు. పురుగు పట్టకుండా బూడిద కలుపుదామంటే, "గది సైన్సు కాదక్కా" అని నవ్వావు. ఆ నవ్వు నేను మరిచిపోలేదు.

ఇప్పుడేమో నువ్వు తీసుకుపోయిన డబ్బాలోని ఇంటి కందులు నూటికి తొంభై మొలిచాయట, పైకి పోయి వచ్చినవి అరవయ్యేనట. మన విత్తనం ఆకాశానికి పనికిరాదని మీ అంతరిక్ష కేంద్రం ఆఫీసర్లు తేల్చారట. దసరాకు పోయే ప్రయోగశాలలో నీ పెట్టెకు చోటు లేదట. ఆరేళ్ల నీ కష్టం పోతే నాకు మాత్రం కడుపు మండదా? కానీ అంత చదివినవాళ్లు తప్పు వెతకాల్సింది నా అటక మీదనా? మన విత్తనం బాగా మొలిచినా అనుమానమేనా?

ఇంకోసారి ఆ మాట అడిగితే నా గడప తొక్కకు.

నీ అక్క,
కమ్లీ

తా.క. అంటించిన కవరు మళ్లీ విప్పాను. నువ్వు డబ్బా తీసుకుపోయే ముందు రోజు దాని మూత తీశాను. లోపలంతా పురుగు. సగానికి పైగా గింజలు పుచ్చిపోయాయి. తండా పిల్ల పుచ్చు కందులు తెచ్చిందని అక్కడ నిన్ను చూసి నవ్వుతారని భయపడ్డాను. అవి తీసేసి, బూడిదలో దాచిన మన విత్తనం తుడిచి నింపాను. నీ పరువు కాపాడాననుకున్నాను. నిన్న నువ్వు లెక్క చెప్పాకే తెలిసింది, ఆ పుచ్చు డబ్బాతోనే పోల్చి ఉంటే నీ అరవయ్యే ఎక్కువయ్యేదని, నీ పెట్టెను ఓడగొట్టింది నేనేనని. పుచ్చు గింజలు పారేయలేదు, గుప్పెడు ఈ కవరులోనే ఉన్నాయి. రేపు మీ బావ మానుకోటలో పోస్టు చేస్తాడు. వాటిని మీ ఆఫీసర్లకు చూపించు. మార్చింది మా అక్క కమ్లీ అని రాసి ఇవ్వు.