పడవకి చెల్లింది, పిల్లకి చెల్లదు

డులూత్,
మే 14.

గౌరవనీయులైన సోల్వీ గారికి,

మార్లిస్ నమస్కారాలు. మీ మోకాలి నొప్పి తగ్గి, మళ్ళీ తోటలోకి దిగారని తలుస్తాను. ఇక్కడ అందరం కులాసా. సరస్సు మీద మంచు పూర్తిగా కరిగింది. మీ మనవరాలు బ్రిట్టాకి బూట్లు మళ్ళీ బిగుతయ్యాయి.

మా పెళ్ళికి వస్తున్నానని మీరు ఆర్లోకి ఫోను చేశారట. చాలా సంతోషం. మీ అమ్మాయి కిర్‌స్టెన్ పోయాక, ఆవిడ తిరిగిన ఇంట్లోకి ఇంకొకరు వస్తుంటే తల్లిగా మీకెలా ఉంటుందో ఊహించగలను. నాలాంటి స్కూలు బస్సు నడిపే మనిషి మీ అల్లుడికి వల వేసిందని మీరనుకున్నా తప్పుపట్టను. అందుకే, పెళ్ళికి ముందు మేం రాసుకున్న ఒప్పందం సంగతి నా నుంచి కూడా వినండి. ఆర్లో ఏ కథయినా సగమే చెబుతాడు.

ఇద్దరం చెరొక లాయరుని పెట్టుకున్నాం. అలా అయితేనే ఒప్పందం గట్టిగా నిలుస్తుందట. నా లాయరు గ్రెచెన్ గారికి డెబ్బై ఏళ్ళు, చేతిలో ఎప్పుడూ ఎర్ర పెన్సిలు. మొన్న శుక్రవారం ఆర్లో లాయరుతో సహా అందరం ఆవిడ ఆఫీసులో కూర్చున్నాం. ఆ రోజు స్కూలు లేదు కాబట్టి బ్రిట్టా కూడా వచ్చి, మూల కుర్చీలో బొమ్మలు వేసుకుంటోంది.

మొదటి విషయం అయిదు నిమిషాల్లో తేలిపోయింది. సరస్సు ఒడ్డున కిర్‌స్టెన్ కట్టించిన చెక్క ఇల్లు, అక్కడి పడవ ఆర్లో తర్వాత బ్రిట్టాకే. భార్యగా వాటి మీద నాకు రాగల హక్కు వదులుకుంటున్నానని సంతకం పెట్టేశాను.

అసలు తంటా తర్వాత మొదలయింది. ఆర్లో ఇంటి దగ్గర ఒక కాగితం రాసుకొచ్చాడు. మేం విడిపోతే బ్రిట్టా ప్రతి ఆదివారం నా దగ్గర గడపాలట. మీరు ఆర్లోకి రాసిన ఉత్తరంలో అడిగినట్టు జులై అంతా మీ దగ్గర ఉండాలట. మాకు బిడ్డ పుట్టి, మేం విడిపోతే, ఆ బిడ్డ ఖర్చుల కోసం ఒకరినొకరు అడగకూడదట. గ్రెచెన్ గారు చదువుతూ చదువుతూ అన్నిటినీ ఎర్రగా కొట్టేశారు.

"ఆస్తి మీది, ఎలాగైనా పంచుకోండి," అన్నారావిడ. "పిల్లలు ఎవరి దగ్గరుండాలన్నది ముందే రాసుకుంటే మాత్రం చెల్లదు. ఆ రోజంటూ వస్తే జడ్జిగారు అప్పటి పరిస్థితి చూసి, పిల్లకి ఏది మంచిదో అదే చెప్తారు. ఇక ఖర్చులంటావా, తిండీ బట్టా బిడ్డ హక్కు. వదులుకోవడానికి నువ్వెవరివయ్యా?"

రెండేళ్ళుగా ఆ పిల్లకి నేనే జడలు వేస్తున్నాను. రేపేదైనా తేడా వస్తే, దాని ముఖం చూడటానికి కూడా నా చేతిలో ఏ కాగితమూ ఉండదన్నమాట.

ఇంతలో బ్రిట్టా మూల నుంచి లేచొచ్చి, నడుం మీద చేతులేసుకుని, "పడవ గురించి రాస్తారు, నా గురించి రాయరా?" అని నిలదీసింది.

"పడవని ఒకళ్ళు ఇస్తారు, ఇంకొకళ్ళు పుచ్చుకుంటారు. నువ్వేమన్నా పడవ్వా తల్లీ?" అన్నారు గ్రెచెన్ గారు.

అది వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టింది. "అయితే నన్నే అడగండి. ఆదివారాలు మార్లిస్ దగ్గర. జులై అమ్మమ్మ దగ్గర. మిగతా రోజులు నాన్న దగ్గర. వంట రాదనుకోండి, పాపం, ఏదో సర్దుకుంటాలే!" అంది. అప్పటిదాకా బిగుసుకుని కూర్చున్న ఆర్లో లాయరుకి కాఫీ పొలమారింది.

వచ్చేస్తుంటే గ్రెచెన్ గారు నన్ను పక్కకి పిలిచి, పెళ్ళయ్యాక కావాలంటే దత్తతకి దరఖాస్తు పెట్టుకోవచ్చనీ, అది ఈ ఒప్పందంతో సంబంధం లేని వేరే దారనీ చెప్పారు. మీతో మాట్లాడకుండా ఆ దారి తొక్కను. జులై ఒకటిన మాత్రం బ్రిట్టాని నేనే తెచ్చి మీ ఇంట్లో దింపుతాను. ఏ కోర్టులోనూ చెల్లకపోయినా, ఇది నా మాట.

మీ రాక కోసం గది సర్దుతున్న,
మార్లిస్

తా.క. ఉత్తరం మడిచాను గానీ, మనసొప్పక మళ్ళీ విప్పాను. "మీరు చెప్పినట్టే మార్లిస్‌ని కూర్చోబెట్టి సంతకం పెట్టించాను అత్తయ్యా," అని ఆర్లో మీతో అన్నాడట. "ఇన్నాళ్ళకి నీకు బుద్ధొచ్చింది," అని మీరు మెచ్చుకున్నారట. మూడు రోజులుగా ఇంట్లో కాలరెగరేసుకుని తిరుగుతున్నాడు. చూడలేకపోతున్నాను. నిజమేమిటంటే, ఒప్పందం రాయించమని మీ ఉత్తరం రాకముందే, అది కావాలని పట్టుబట్టింది నేను. పెళ్ళికి ముందే విడాకుల మాటలేంటని అతను రెండు వారాలు అలిగాడు. నా పదకొండో ఏట మా అమ్మ పోయింది. నాన్న ఏ కాగితమూ రాయకుండా మళ్ళీ పెళ్ళి చేసుకున్నారు. నాన్న తర్వాత మా అమ్మ ఇల్లు పిన్నికి, ఆవిడ నుంచి ఆవిడ పిల్లలకి వెళ్ళింది. ఎవరూ మోసం చేయలేదు, చట్టం ప్రకారమే జరిగింది. ఒకసారి ఆ ఇంటి గుమ్మం దాకా వెళ్ళి, తలుపు తట్టడానికి చెయ్యి రాక తిరిగొచ్చాను. బ్రిట్టాకి వాళ్ళమ్మ ఇంటి తలుపు తట్టాల్సిన అవసరం ఎప్పటికీ రాకూడదు.

మీరు నన్ను నమ్మకపోయినా పెళ్ళికి రండి. ఆర్లోని కోప్పడకండి. భోజనాల దగ్గర నలుగురిలో కాస్త ఉడికించండి, చాలు.