టైరు మీద అక్షరాలు

ఉస్తాద్,

నువ్వు చనిపోయి ఈరోజుకు ఏడాది.

మొన్న కుల్చారం ఊరి గిరాకీ ఒకాయన తన స్పోర్ట్స్ కారు మళ్లీ తెచ్చాడు. "నువ్వు కొత్త టైర్లు ఏసినకాన్నుంచి హైవే మీద నూరు దాటితే బండి ఊగుతుంది. మా ఇంటామె ఎక్కనంటుంది" అన్నాడు. అలైన్‌మెంట్ మిషన్‌లో అంతా సరిగ్గానే ఉంది. అప్పటికే రెండుసార్లు "జర మెల్లగ నడుపుండ్రి సార్" అని తప్పు ఆయన మీదికే నెట్టి పంపాను.

ఈసారి చక్రాల పక్కన కూర్చుని చూశాను. ఆ టైర్లకు లోపలి ముఖం వేరు, బయటి ముఖం వేరు. ఎడమవైపు రెండింటి మీదా "ఇన్‌సైడ్" అన్న అక్షరాలు బయటికి కనబడుతున్నాయి. అట్లా తిరగేసి బిగించింది నేనే.

నాకు ఈ పని నేర్పింది నువ్వే, కానీ నీకు చదువు రాదు. టైరు ఎక్కించే ముందు ప్రతిసారీ "ఏం రాసిండ్రో జర సదువు బిడ్డా" అని పిలిచేవాడివి. ఆ పిలుపు గుర్తొచ్చే మొన్న ఆ అక్షరాలు చూశాను. ఒకరోజు గిరాకీల ముందే "సదువు రానోళ్లు గిసొంటి బండ్లు ముట్టొద్దు ఉస్తాద్" అన్నాను. నువ్వు చేతులు తుడుచుకుని వెళ్లిపోయావు. మళ్లీ షాపుకు రాలేదు.

టైర్లు సరిచేశాక ఆయన హైవే దాకా పోయి వచ్చాడు. "ఇప్పుడు మస్తుగుంది. ఎట్ల పట్టినవ్?" అన్నాడు.

"మిషన్ల కనబడ్డది సార్" అన్నాను. నా తప్పూ చెప్పలేదు, నీ పేరూ చెప్పలేదు.

ఈ ఉత్తరం అందినా నువ్వు చదవలేవు. అందుకే మధ్యాహ్నం షట్టర్ సగం దించి, షాపులో నువ్వు కూర్చునే స్టూలు ముందు నిలబడ్డాను. ఈసారి నువ్వు అడగకుండానే, ఈ ఉత్తరం బిగ్గరగా చదువుతున్నాను.