ఒంటికి కొంటారు, ఇంటికి కొనరు

వనస్థలిపురం,
సోమవారం

చి.సౌ. స్వప్నకు,

బిక్షమయ్య కాకా ఆశీస్సులు. ఇక్కడ నేనూ, నా దుకాణంలో కాంటా క్షేమం. అక్కడ నువ్వూ, సాయినాథూ, మీ గేటుకున్న తాళంకప్పా క్షేమమని తలుస్తాను.

ఎదురింటి మనిషికి ఉత్తరమేమిటని నవ్వకు. నేను దుకాణం తెరిచేసరికి నువ్వు మెట్రో ఎక్కేసి ఉంటావు. నువ్వు తిరిగి వచ్చేసరికి నేను షట్టర్ దించేసి ఉంటాను. ఫోన్ చేస్తే "మీటింగ్‌ల ఉన్న కాకా, మళ్ల చేస్త" అంటావు. ఆ మళ్ల ఇంతవరకు రాలేదు. అందుకే ఈ కాయితం మీ గేటు సందులోంచి వేస్తున్నాను.

సంగతేమిటంటే, మీ ఇల్లు చూస్తే నాకు బెంగగా ఉంది. ఒకప్పుడు నెల మొదట్లో బియ్యం సంచి, నూనె, కందిపప్పు, చింతపండు, ఆఖరికి అగరుబత్తీలు కూడా నా దగ్గరే తీసుకునేవారు. ఇప్పుడు సాయినాథ్ ఆదివారం వచ్చి షాంపూ, బూట్ల పాలిష్, మొహం తుడుచుకునే తడి కాయితాలు పట్టుకుపోతున్నాడు. ఒంటికి కొంటున్నారు గానీ ఇంటికి కొనడం లేదు. పోపు గింజలు కొనని ఇంట్లో ఏం వండుతారమ్మా?

నేను చిన్నపిల్లవాణ్ని కాను. సాయినాథ్ ఉద్యోగం పోయిందని అర్థమైంది. ఆ బూట్ల పాలిష్ ఇంటర్వ్యూల కోసమే కదా! నా దుకాణం ఎదురుగా ఒక ఇంట్లో పొయ్యిలో పిల్లి లేవకపోతే నాకు ముద్ద దిగదు. గోడ మీది నుంచి మీ గేటు లోపల ఒక బియ్యం సంచి దింపించాను. మొహమాటపడకుండా వండుకోండి.

మీ మంచి కోరే
బిక్షమయ్య

తా.క.: సంగతి ఎవరికీ చెప్పలేదు. మీ ఇంటి ఓనరు అండాలమ్మకు ఒక్కామెకే చెప్పాను. ఆమె కూడా ఎవరికీ చెప్పనని మాటిచ్చింది, దుకాణంలో అందరి ముందూ.


వనస్థలిపురం,
బుధవారం

బిక్షం కాకాకు,

స్వప్న నమస్కారాలు. ఈ ఉత్తరం మీ షట్టర్ కింది నుంచి తోస్తున్నాను. చీపురుతో ఊడ్చేయకముందే చూసుకోండి.

మా ఆయన ఉద్యోగం నిక్షేపంలా ఉంది. ఉండి ఏం లాభం? అండాలమ్మ ఎదురొచ్చి "కిరాయి ఎట్ల కడ్తవు బిడ్డా? ముందుగాలనే చెప్తే టులెట్ బోర్డు రాయించుకుంట" అంది. పక్కింటివాళ్లు సాయినాథ్‌కు పాత చొక్కాలు ఇచ్చారు. వద్దనే లోపే ఆయన ఒకటి తొడుక్కుని చూసుకున్నారు. బాగానే కుదిరింది.

కాకా, ఇంట్లో ఉంటే కదా వండుకునేది! ఆయన ఉప్పల్ వైపు, నేను మాదాపూర్ వైపు. ఇల్లు మాకు పడుకోవడానికే మిగిలింది. పండక్కు తెచ్చిన గ్యాస్ సిలిండర్ ఇంకా నడుస్తోంది. కందిపప్పు కొంటే పురుగులు తింటున్నాయి. మా ఇంటిపట్టున ఉండేవి అవే మరి.

పొద్దున ఎల్బీ నగర్ మెట్రో మెట్ల దగ్గర ఒక అక్క బండి మీద సర్వపిండి రొట్టెలు పెడుతుంది. మధ్యాహ్నానికి అన్నం, పచ్చిపులుసు డబ్బా కట్టిస్తుంది. సాయంత్రం ఇద్దరం దిల్‌సుఖ్‌నగర్‌లో కలుసుకుని ఏదో ఒకటి తింటాం. మేం మొగుడూ పెళ్లాం నాలుగు మాటలు మాట్లాడుకునేది ఆ కాసేపే. మీరనుకున్నంత కష్టంలో లేం కాకా. అయినా మా గురించి అంతగా ఆలోచించారని తెలిసి మనసు నిండింది.

ఇట్లు,
స్వప్న

తా.క.: ఆ అక్క వేసే చింతకాయ తొక్కు తింటే మా అమ్మ గుర్తొస్తుంది. మా అమ్మ చేసింది ఇంత బాగుండదు. ఈ ముక్క మా అమ్మ దాకా పోనివ్వకండి. అంటే, అండాలమ్మకు చెప్పకండి.


వనస్థలిపురం,
గురువారం

చి.సౌ. స్వప్నకు,

ఆశీస్సులు. ఉద్యోగం పోలేదని సంతోషం. కానీ నీ ఉత్తరం చదివాక నాకు దొంగ దొరికింది.

మీరొక్కరే కాదమ్మా, ఈ గల్లీలో పప్పు అడిగే మనిషే కరువయ్యాడు. అందరూ పొద్దున్నే తాళం వేసుకుని పోయేవాళ్లే. దసరా లోపు పుంజుకోకపోతే దుకాణం ఎత్తేయాలి. నల్గొండ పక్క ఊరు వదిలి వచ్చినప్పటి నుంచి నాకు తెలిసింది ఈ పని ఒక్కటే. ఇది పోతే ఏం చేయాలో తెలియదు. మా ఇంటావిడ పూలమ్మకు కూడా చెప్పలేదు, సిగ్గేసి. నీకు చెబుతున్నాను.

ఇదంతా ఆ మెట్లకాడి ఆడమనిషి చేసిన పని! ఆమె మీద దరఖాస్తు రాశాను. మెట్లకు అడ్డంగా ఉందనీ, పిండిలో సోడా కలుపుతుందనీ పెట్టాను. పక్క దుకాణాలవాళ్ల సంతకాలు కూడా అయ్యాయి. శనివారం స్వయంగా వెళ్లి, తిని, ఇంకా తప్పులుంటే చేర్చి, మున్సిపల్ ఆఫీసులో ఇచ్చి వస్తాను.

చింతకాయ తొక్కంటే మా పూలమ్మదే. కుట్టుపని నేర్చుకుంటానని పొద్దున్నే ఎల్బీ నగర్ పోతుంది. అయినా ఒక్క పూట వంట మానలేదు. మధ్యాహ్నానికి దుకాణానికి డబ్బా వచ్చి తీరుతుంది. ఇల్లాలంటే అట్లా ఉండాలి. నిన్ను అనడం లేదు, లోకం మాట చెబుతున్నాను.

ఇట్లు,
బిక్షమయ్య

తా.క.: ఆమె కుట్టుపనిలో చేరి చాలా రోజులైంది. నా చొక్కా గుండీ మాత్రం ఊడింది ఊడినట్టే ఉంది.


వనస్థలిపురం,
శుక్రవారం

బిక్షం కాకాకు,

నమస్కారాలు. మీకు దణ్ణం పెడతాను, ఆ దరఖాస్తు ఇవ్వకండి.

ఆ అక్కను ఈ రోజు కదిలించాను. మూతికి మాస్కు, తలకు స్కార్ఫు కట్టుకుని, తెలిసినవాళ్లెవరైనా చూస్తారేమోనని తల దించుకునే వడ్డిస్తుంది. ఎందుకక్కా అంటే, "ఇంటాయన యాపారం సల్లవడ్డది బిడ్డా. నాకు చెప్పడు. నిద్రల పలవరిస్తడు. గా మనిషి కుంగిపోతె నేను సూడలేను. అందుకే ఆయనకు తెల్వకుండ గిది పెట్టిన" అంది.

మీ దుకాణం నిలబడాలని నాకూ ఉంది కాకా. కానీ ఆమె కూడా మీలాగే ఇల్లు నిలబెట్టుకోవాలని చూస్తోంది. ఆమెను లేపేస్తే మేం ఇంట్లో వండుకుంటామా? ఇంకో బండి దగ్గరికి పోతాం. వెళ్లి తినండి. తిన్నాక కూడా మనసొప్పితే ఇవ్వండి.

ఇట్లు,
స్వప్న

తా.క.: వెళితే పెందరాళే వెళ్లండి. ఆలస్యమైతే తొక్కు అయిపోతుంది, తప్పు పట్టడానికి ఏమీ మిగలదు.


వనస్థలిపురం,
శనివారం

చి.సౌ. స్వప్నకు,

ఆశీస్సులు. వెళ్లాను. దరఖాస్తు జేబులో పెట్టుకుని వరుసలో నిలబడ్డాను. నా వంతు వచ్చింది. ఆమె తలెత్తకుండానే ప్లేటు నా చేతిలో పెట్టి, "అన్నా, తొక్కు ఎయ్యాల్నా?" అంది.

పెళ్లయిన నాటి నుంచి వింటున్న గొంతు అది. కానీ ఆ గొంతు నన్ను అన్నా అని పిలవడం అదే మొదలు.

"ఎవరికే అన్న? జర తలకాయ లేపి సూడు!" అన్నాను.

చూసింది. గరిటె జారింది. "ఓ యవ్వ! నువ్వా?" అంది పూలమ్మ. వరుసంతా నవ్వింది. వెనకాల ఒకడు "వదినతోని పంచాయితి ఇంటికాడ వెట్టుకో అన్నా, మెట్రో పోతది" అని నన్ను పక్కకు నెట్టాడు.

"బియ్యం ఏడియే?" అని అడిగాను. "మన దుకాణంలయే. ఆటో ధర్మేందర్‌తోని కొనిపిస్తున్న" అంది. ఈ గల్లీలో సంచులకు సంచులు కొంటున్న ఒకే ఒక్క గిరాకీ ఆ ధర్మేందర్. సంసారమంటే వాడిదేనని మెచ్చుకుని వాడికి రోజూ చాయ్ తాగిస్తున్నాను. ఇన్నాళ్లూ నా దుకాణాన్ని మోస్తున్నది నా భార్యేనని అప్పుడు తెలిసింది. ఏడుపు ఆగలేదమ్మా. పక్కనే ఉల్లిగడ్డలు కోస్తున్నారు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

ఇంట్లో ఉండరని మిమ్మల్ని అన్నాను. పొద్దంతా దుకాణంలోనే ఉండి, డబ్బాలో చల్లటి అన్నం తిని, పడుకోవడానికి ఇల్లు చేరే నేను ఏం ఉన్నట్టు? మా వంటింట్లో ఏం ఉడుకుతోందో నాకే తెలియదు. ఆమె చేతి వంట వేడివేడిగా తిని ఎంత కాలమైందో! నిలబడే తిన్నాను, మళ్లీ పెట్టించుకున్నాను. ప్లేట్లు అయిపోతే రెండో సర్వపిండి దరఖాస్తు మీదే పెట్టించుకున్నాను. నూనెకు సంతకాలన్నీ కలిసిపోయాయి.

సోమవారం నుంచి మా దుకాణం ముందు కూడా డబ్బాలు కడతాం. సంచి బియ్యం కొననివాళ్లు డబ్బా అన్నమైనా కొంటారు కదా. రేపు మాత్రం దుకాణం బంద్, బండి కూడా బంద్. మేమిద్దరం ఇంట్లోనే ఉంటాం. నువ్వూ సాయినాథూ భోజనానికి రండి.

ఇట్లు,
పూలమ్మ భర్త
బిక్షమయ్య

తా.క.: బిడ్డా స్వప్నా, నేను పూలమ్మను. రేపు నేను గరిటె ముట్ట. వంటంత మీ కాకాదే అని ఒప్పిచ్చిన. పెండ్లయినంక మొదటిసారి వండుతున్నడు, మీరు రాకుంటె మనసు నొచ్చుకుంటడు. తప్పకుండ రాండ్రి. వచ్చేముందుగాల మీ ఇంట్ల పొయ్యి ముట్టిచ్చి, జరంత తినే రాండ్రి.