పట్టు దొరికిన ఒడ్డు

పిడుగు వాళ్ళ నాన్నగారికి,

నమస్కారాలు. ఇక్కడ నేనూ అత్తయ్యా కులాసాగానే ఉన్నాం. అత్తయ్య మోకాళ్ళు మొరాయిస్తున్నాయి గాని నోరు మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తోంది. మీరు అక్కడ వేళకి తింటున్నారని, ఎవరితోనూ తగాదా పడటం లేదని తలుస్తాను. పక్క గదివాడి పన్ను ఊడగొట్టానని పోయిన ఉత్తరంలో రాశారు. అత్తయ్యకి చదివి వినిపిస్తూ ఆ ముక్క మింగేయాల్సి వచ్చింది. జైల్లో అలాంటివి చేస్తే గడువు పెరుగుతుందే గాని తరగదు.

మీరడిగినవాటికి జవాబులు. ఆసుపత్రి లాండ్రీలో నా పని అలాగే ఉంది. తడిసిన దుప్పట్లు మోసి మోసి గట్టిపడిన నా భుజాలు చూస్తే మీరు గుర్తుపట్టరు. పిడుగు బట్టలు ఎవరికీ ఇవ్వలేదు. ఇవ్వను కూడా. ఇక పెరట్లో మీ వెల్డింగ్ షెడ్డు ఎలా ఉందని అడిగారు. షెడ్డు లేదండీ. కోప్పడకుండా మిగతాది చదవండి.

మిమ్మల్ని పోలీసులు తీసుకెళ్ళాక ఇంట్లో కూర్చోలేకపోయాను. వంటింటి కిటికీ తీస్తే ఎదురుగా వాగు గోడ. రెండువైపులా నిలువెత్తు కాంక్రీటు, అద్దంలా నున్నగా. పిడుగు వాగులో పడ్డరోజు మీరు నీళ్ళలో ఉన్నారు, నేను పైనుంచి చూశాను. పిల్ల చేతులు చాపుతూనే ఉంది, గోడ జారవిడుస్తూనే ఉంది. గట్టు మీద అందరూ దానితోపాటు పరిగెత్తారు. ఒక్కరికీ అందలేదు. కల్వర్టు ఇనపచువ్వలకి కొట్టుకుని ఆగింది. గోడని గీరి గీరి మీ గోళ్ళు ఊడి వచ్చాయి. మరునాడు ఆ గోడ కట్టిన కాంట్రాక్టరు మన వాకిట్లో నిలబడి, పిల్లని కాస్త కనిపెట్టుకుని ఉండాల్సింది అన్నాడు. మీరు రాడ్డు తీశారు. అతని కుడిచెయ్యి విరిగిన చప్పుడు నాకింకా వినబడుతుంది. అప్పుడు నాకు జాలి కలగలేదు.

ఒకరోజు పని నుంచి వచ్చి, చీరకొంగు నడుముకి బిగించి, మీ సమ్మెట తీసుకుని గోడని కొట్టాను. ఏదో మంచి చేద్దామని అనుకోలేదు. దాన్ని చంపాలనుకున్నాను. పెచ్చు ఎగిరి కనుబొమ్మ చీల్చింది. రక్తం నోట్లోకి వస్తుంటే ఇంకా కసిగా కొట్టాను. ఆ తర్వాత రోజూ అదే పని. అరచేతులు పగిలి పిడికి అతుక్కుపోయేవి. లాండ్రీలో సబ్బునీళ్ళు తగిలితే ప్రాణం పోయేది. వీధిలో వాళ్ళు నాకు మతి చలించిందన్నారు. మున్సిపాలిటీ వాళ్ళు వచ్చి తిట్టి, ఏదో రాసుకుని పోయారు. మన పెరటి వెనక గోడ కూలినా చెయ్యి ఆగలేదు. పెరటి గచ్చు, షెడ్డు స్తంభాలు కూడా కొట్టేశాను. అత్తయ్య మొదట్లో నన్ను పట్టుకుని ఏడ్చేది. ఆఖరికి ముక్కాలిపీట వేసుకుని కూర్చుని, "ఎడంపక్క పగులిచ్చింది, అక్కడ కొట్టవే" అనడం మొదలుపెట్టింది.

వానలొచ్చాయి. వాగు ఆ కంతలోంచి మన పెరట్లోకి విరుచుకుపడింది. మీ రేకులు, బల్ల, డ్రమ్ములు అన్నీ ఎత్తుకుపోయింది. బదులుగా మోకాలిలోతు ఒండ్రు పోసింది. నిలువుగోడ ఉన్నచోట ఏటవాలు ఒడ్డు తేలింది. ఎవరూ నాటలేదు గాని తుంగ మొలిచింది, జమ్ము మొలిచింది, తర్వాత కప్పలు దిగాయి. అవి అరుస్తుంటే అత్తయ్య కిటికీలోంచి తిరిగి అరుస్తుంది. ఇంతవరకు ఎవరూ గెలవలేదు.

అక్కడ ప్రశాంతంగా ఉంటుందనుకోకండి. లకుముకిపిట్ట చేపపిల్లని పట్టి, మన గచ్చు ముక్కకేసి చచ్చేదాకా బాదుతుంది. పాము నోట్లో కప్ప అరుస్తూనే ఉంటుంది. మొదటిసారి రాయి విసరబోయి ఆగిపోయాను. ఆ పాము ఎవరినీ మోసం చెయ్యలేదు, తన ఆకలి తను తీర్చుకుంది. సెలవురోజుల్లో ఆ బురదలో కూర్చుంటాను. ఒక మధ్యాహ్నం తుంగలో తలవాల్చి నిద్రపోయాను. పిడుగు పోయాక మాత్ర వేసుకోకుండా నిద్రపట్టడం అదే మొదలు.

ఇప్పుడు అసలు సంగతి. పోయినసారే రాయబోయి చెయ్యి రాక మానేశాను. ఇది ముందు జైలరుగారు చదువుతారని తెలుసు, చదవనివ్వండి.

కాంట్రాక్టరు వచ్చాడు. పట్టపగలు, ఒంటరిగా. గోడ మళ్ళీ కట్టే పని అతనికే ఇచ్చారట, కొలతలు చూసుకోవడానికి వచ్చాడు. కుడిచెయ్యి గుడ్డముక్కలా వేలాడుతోంది. ఒడ్డున నిలబడి తుంగని చూసి, "ఈ చెత్తంతా పీకించేస్తానమ్మా" అన్నాడు.

వెనకనుంచి తోశాను. నీళ్ళలో బోర్లా పడ్డాడు. నేనూ దూకి మెడమీద మోకాలు పెట్టి తల నీళ్ళలోకి అదిమాను. తన్నుకున్నాడు. బురద, బుడగలు. మీరు సగంలో వదిలిన పని పూర్తి చేస్తున్నాననుకున్నాను. నా భుజాలకి ఆ బలం ఉంది, ఇంకాసేపట్లో అయిపోయేది. అప్పుడు అతని ఎడంచెయ్యి గాలిలో తడుముకుని, తుంగ దుబ్బుని పట్టుకుంది. ఆ దుబ్బు ఊడలేదు. వేళ్ళు తెల్లబడేలా పట్టుకుని వేలాడాడు. పట్టు దొరికింది. మన పిల్ల చేతికి దొరకనిది అతనికి దొరికింది.

మోకాలు తీసేశాను. ఎందుకని అడగకండి. అతను పాక్కుంటూ ఒడ్డెక్కి కక్కుకున్నాడు. మూతి తుడుచుకుంటూ అన్నాడు, "ప్లానులో గోడకి మెట్లున్నాయమ్మా. ఖర్చు మిగులుతుందని నేనే తీసేయించాను." మళ్ళీ ముంచబోయి ఆగాను. ఆ మాట అధికారుల దగ్గర చెప్పమన్నాను. తలెత్తకుండా వెళ్ళిపోయాడు.

మొన్న వెళ్ళి చెప్పాడట. పోలీసులు అతణ్ణి పిలిపించారు, గోడ పని ఆగింది. భయంతో చెప్పాడో, ఇంకెందుకు చెప్పాడో నాకు తెలియదు. నామీద మాత్రం ఫిర్యాదు ఇవ్వలేదు.

బయటికి రాగానే వాణ్ణి లేపేస్తానని ప్రతి ఉత్తరంలో రాస్తున్నారు. నా మాట వినండి. ఆ పని నేను చేసి చూశాను. చేతుల కింద మనిషి కొట్టుకుంటున్నంతసేపూ పిడుగు మొహం గుర్తుతెచ్చుకోబోయాను, రాలేదు. తుంగలో కూర్చుంటే పిలవకుండానే వస్తుంది, మూతినిండా బురదతో. గోడ రాకముందు ఆ వాగు ఒడ్డంటే దానికి అంత ఇష్టం.

చంపడానికే వచ్చేటట్టయితే ఈ గడప తొక్కకండి. లేదంటే నేరుగా ఇంటికి రండి. పక్కింటివాళ్ళ వెనకాల గోడ ఇంకా నిలబడే ఉంది. వాళ్ళకీ చిన్నపిల్లలున్నారు, పగలగొట్టమని వాళ్ళే అడిగారు. అక్కడ కాంక్రీటు మనదానికంటే మందం. నా ఒక్కదాని వల్ల కావడం లేదండీ.

ఇట్లు
మీ ఇంటిది,
పిడుగు వాళ్ళమ్మ