లోపలికి వెళ్లి చూశారు

జూన్ 9, సోమవారం. సాయంత్రం

బతికే ఉన్నాను. ముందు అది రాసుకోవాలి.

పొద్దున పూల్‌లో కొత్త ఆడవాళ్ల బ్యాచ్‌కి కాళ్లు ఆడించడం నేర్పుతున్నాను. ఛాతీ మీద ఎవరో మోకాలు పెట్టి నొక్కినట్టయింది. ఎడమ దవడ లాగేసింది. చల్లటి నీళ్లలో నిలబడి చెమటలు పట్టడం ఇన్నేళ్ల కోచింగ్‌లో ఇదే మొదటిసారి. అందరినీ ఒడ్డుకి పంపాకే మెట్ల మీద కూలబడ్డాను. అది మాత్రం గర్వంగా రాసుకుంటున్నాను.

ఆసుపత్రిలో ఈసీజీ తేడాగా ఉందన్నారు. రక్తంలో ట్రోపోనిన్ పెరిగిందట, అంటే గుండె కండరం దెబ్బతిందని. ఆదరాబాదరాగా యాంజియోగ్రామ్ చేశారు. తీరా చూస్తే పెద్ద బ్లాక్ ఒక్కటీ లేదు. మా ఆయన సంతోషంతో అక్కడి డ్యూటీ డాక్టర్ చేతులు పట్టుకుని ఊపేశాడు.

నొప్పి తగ్గింది. అది ఎందుకు వచ్చిందో ఎవరూ చెప్పలేదు.

జూన్ 10

డ్యూటీ డాక్టర్ మంచి కుర్రాడే. నవ్వుతూనే చెప్పాడు. నాళాలు శుభ్రంగా ఉన్నాయండీ, టెన్షన్ వల్ల అయ్యుంటుంది, రేపు ఇంటికెళ్లి హాయిగా రెస్ట్ తీసుకోండి అని.

టెన్షనా? నాకా? మునిగిపోతున్న మనిషి మెడ పట్టుకు వేలాడినా గొంతు పెంచని దాన్ని.

పక్కన అత్తగారు స్వెటర్ అల్లుతున్నారు. సూదులు ఒళ్లో పెట్టారు. బాబూ, నా కోడలు పురిటి నొప్పులు పడుతూ కూడా మీరు కాఫీ తాగారా అని నన్ను అడిగిన మనిషి, అది నొప్పి అందంటే నొప్పే, మీకు కనబడకపోతే ఇంకాస్త వెతకండి అన్నారు.

ఆ కుర్రాడు నా ఫైలు తీసుకుని బయటికి వెళ్లాడు. నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను. నా కళ్లు ఆవిడకి కనబడకూడదని.

జూన్ 11

ఈ పూట ఇంకో డాక్టర్ వచ్చింది. మనిషి ఎంత పొడుగంటే స్టూల్ మీద కూర్చున్నా మా అత్తగారు తలెత్తి చూడాల్సిందే. నొప్పి మొదలైన దగ్గర్నుంచి అంతా చెప్పమంది. మధ్యలో ఒక్కసారీ ఫోన్ చూడలేదు.

ట్రోపోనిన్ ఊరికే పెరగదండీ అంది. యాంజియోగ్రామ్‌లో రక్తం పారే దారి కనిపిస్తుంది గానీ, నాళం గోడకి ఏమైందో సరిగ్గా కనిపించదట. సన్నటి తీగని లోపలికి పంపి, దాని చివరనున్న వెలుగుతో గోడ బొమ్మ తీస్తారట. ఓసీటీ. పెద్ద బ్లాకులు లేకుండా వచ్చే ఇలాంటి గుండెపోటుకి ఓ పేరు కూడా ఉందంది, మినోకా. అత్తగారు అదేదో షాంపూ పేరులా ఉందే అన్నారు. డాక్టరమ్మ పకపకా నవ్వింది.

మా ఆయన నవ్వలేదు. మళ్లీ గుండెలోకి తీగా అన్నాడు. వాళ్ల పెద్ద డాక్టర్ కూడా అదే అన్నారట, బ్లాకు లేని నాళంలోకి పనిగట్టుకుని దిగడం ఎందుకని. డాక్టరమ్మ ఏదీ దాచలేదు. రిస్కు తక్కువే, కానీ ఉంది అంది. అసలు కారణం తెలియకుండా పంపేస్తే ఏ మందులివ్వాలో నాకు తెలీదు, మళ్లీ వస్తే ఎక్కడుండగా వస్తుందో మీకూ తెలీదు అంది.

ఎక్కడుండగా. నాకు పూల్‌లో లోతు వైపు గుర్తొచ్చింది. ఈత రాని మనిషి నా భుజం పట్టుకుని ఉంటుంది.

చేయించుకుంటానన్నాను.

జూన్ 12. ఉదయం

భయం లేదని రాద్దామనుకున్నాను. ఉంది.

అదే రోజు, సాయంత్రం

మెలకువగానే ఉన్నాను. మణికట్టు దగ్గర మత్తు సూది ఇచ్చి అక్కడి నుంచే తీగ పంపారు. గది చలి, పైన ఇంత పెద్ద మెషిన్, నా పక్కనే స్క్రీన్. కదలకండి, ఒళ్లంతా వెచ్చగా అనిపిస్తుంది అంది డాక్టరమ్మ. అనిపించింది. ఒక నాళం చూశారు. ఏం లేదు. ఇంకోటి. ఏం లేదు. అనవసరంగా రాద్ధాంతం చేశానా అని నాకే అనుమానం వచ్చింది.

మూడోది, గుండె ముందు వైపు వెళ్లే పెద్ద నాళం. బొమ్మ నడుస్తూ నడుస్తూ ఉంటే డాక్టరమ్మ ఆపమంది. కొంచెం వెనక్కి అంది.

ఇదిగోండి, దొరికింది అని స్క్రీన్ నా వైపు తిప్పింది. గుండ్రటి గోడలో ఒకచోట కొవ్వు పేరుకుని, దాని మీద పొర చిరిగి ఉంది. చిరుగుని అంటుకుని గడ్డకట్టిన రక్తం, చిన్న ముద్ద. నాళం సగం కూడా ఇరుకవలేదు, అందుకే మొన్న దొరకలేదు అంది. ఇది హార్ట్ ఎటాకే అంది.

నేను ఏడ్చేశాను. భయంతో కాదు. హార్ట్ ఎటాక్ అని చెబితే సంతోషించిన పేషెంటుని మిమ్మల్నే చూస్తున్నా అంది నర్సు.

పెద్ద డాక్టర్ని పిలిపించారు. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని చాలాసేపు వంగి చూశారు. నువ్వు పట్టుబట్టడం మంచిదైందమ్మా అన్నారు. నాతో కాదు, ఆవిడతో. మాస్కు వెనక ఆవిడ మొహం వెలిగిపోవడం నాకు తెలిసింది. నా సొంత చెల్లెలు కప్పు గెలిచినట్టు పొంగిపోయాను.

స్టెంటు అక్కర్లేదట. రక్తం గడ్డకట్టకుండా మాత్రలు, కొవ్వుకి మాత్రలు, తర్వాత కొద్దికొద్దిగా వ్యాయామం.

జూన్ 14

డిశ్చార్జి. నా గుండె బొమ్మలు మిగతా డాక్టర్లకి పాఠంగా చూపించొచ్చా అని డాక్టరమ్మ అడిగింది. సరేనన్నాను. అత్తగారు పేరు కూడా వెయ్యండి అన్నారు. పేర్లు వెయ్యకూడదట. అయితే ఈత కోచ్ అనైనా చెప్పండి, లేకపోతే మామూలు గుండె అనుకుంటారు అన్నారు.

డ్యూటీ డాక్టర్ వచ్చి స్టూల్ లాక్కుని కూర్చున్నాడు. నొప్పి ఎలా మొదలైందో మళ్లీ మొదట్నుంచి చెప్తారా అన్నాడు. చెప్పాను. మొత్తం విన్నాడు.

జూన్ 20

మా ఆయన పొద్దున్నే నాతో నడుస్తున్నాడు. దారిలో ఎవరు పలకరించినా లోపలికి కెమెరా పెట్టి చూశారండీ అని మొదలుపెడతాడు. కెమెరా కాదని చెప్పడం మానేశాను.

ఆగస్టు 4

నీళ్లలోకి దిగొచ్చని డాక్టరమ్మ చెప్పింది. దిగాను. నా వెనకే మెట్ల మీంచి, ఈత రాని మా అత్తగారు. మోకాళ్ల దాకా. నడుం దాకా.

నన్ను పట్టుకోకు, చూస్తుండు చాలు అన్నారు.

చూస్తున్నాను.